ఒక టీఎంసీ అంటే ఎన్ని నీళ్ళు?

వానాకాలం వచ్చిందంటే మన పత్రికల నిండా టీఎంసీలూ క్యూసెక్కులే. ఏ జలాశయానికి ఎంత వరద వస్తోంది, ఎన్ని గేట్లు ఎత్తారు, ఎవరి వాటా ఎంత. 30 ఏళ్ళుగా ఈ వార్తలు చదువుతున్నాను. మొన్న మా తమ్ముడి కూతురు (ఏడో తరగతి) పత్రిక మీద వేలు పెట్టి, "పెద్దనాన్నా, ఒక టీఎంసీ అంటే ఎన్ని నీళ్ళు?" అని అడిగింది. "వంద కోట్ల ఘనపుటడుగులు" అన్నాను. "అదే, ఎన్ని?" అంది మళ్ళీ. నా దగ్గర జవాబు లేదు.

ఇద్దరం కూర్చుని కరెంటు బిల్లు వెనక లెక్క వేశాం. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల చిల్లర. చిల్లర వదిలేస్తే టీఎంసీకి 2,800 కోట్ల లీటర్లు. అప్పటికీ అది ఉత్త అంకే. వంటింట్లో 20 లీటర్ల నీళ్ళ క్యాను కనిపించింది. 2,800ను 20తో భాగిస్తే 140 కోట్ల క్యాన్లు. పిల్ల చటుక్కున తలెత్తి "మన దేశ జనాభా కూడా ఇంచుమించు అంతే కదా!" అంది. అంతే మరి. ఒక్క టీఎంసీ అంటే దేశంలో ప్రతి మనిషి ముందూ ఒక నిండు క్యాను, నిన్న పుట్టిన పసిబిడ్డతో సహా. ఆ మధ్యాహ్నం నాకు ఒళ్ళు ఝల్లుమంది.

అక్కడితో ఆగలేకపోయాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే ఎనిమిదిన్నర టీఎంసీలకు కాస్త ఎక్కువ. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, వరద వార్త మొత్తం కళ్ళకు కడుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు ప్రవాహం 27 లక్షల క్యూసెక్కులు. ఆ ఉధృతి ఒక రోజంతా నిలిస్తే 230 టీఎంసీల పైమాటే. నాగార్జునసాగర్ ఇప్పటి నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు. సాగర్ కృష్ణ మీద ఉంది, నిజమే. కానీ ఆ గోదావరిని అటు మళ్ళిస్తే, ఖాళీ సాగర్ ఒకటిన్నర రోజు తిరక్కుండానే నిండిపోయేది! 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన ఆనకట్ట అది. మనుషులు 12 ఏళ్ళు కష్టపడి కట్టినదాన్ని ఒక నది 32 గంటల్లో నింపగలదు. ఆ వరద గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నాను. దాని పరిమాణం మాత్రం ఒక గుణకారం, ఒక భాగహారం చేసిన రోజునే తెలిసింది.

లెక్కపెడితే అందం పోతుందని అనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. లెక్కపెట్టక ముందు నా మనసులో ఉన్నది "చాలా నీళ్ళు" అన్న రెండు మాటలు మాత్రమే. చెరువుకూ అవే మాటలు, సముద్రానికీ అవే మాటలు. అందులో అందమేముంది?

ఇంకా పెద్ద కోపం మన బళ్ళ మీద. 7 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం వైశాల్యం ఎంత అన్న ప్రశ్నకు నేనొకసారి "సుమారు 150 చదరపు మీటర్లు" అని రాశాను. మూడు ఏడులు ఇరవై ఒకటి, ఏడు ఇరవై ఒకట్లు నూట నలభై ఏడు, ఇంకాస్త కలపాలి అని నోటితో కట్టిన లెక్క. మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి సున్నా వేశారు. సరైన జవాబు 154 అట. కానీ ఆ 154 మాత్రం ఏమిటి? పై (π) విలువగా 22/7 వాడితే వచ్చిన సంఖ్య. 22/7 కూడా ఉజ్జాయింపే! క్రీ.శ. 499లో ఆర్యభటుడు 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత చెప్పి, దాన్ని "ఆసన్న" అన్నాడు. దగ్గరిది అని. 3.1416 దాకా వెళ్ళినవాడే ఆ మాట వాడితే, పిల్లవాడు రాసిన "సుమారు"ను ఎందుకు కొట్టేయాలి? ఉజ్జాయింపు బద్ధకస్తుల పని కాదు. దేన్ని వదిలేయవచ్చో, దేన్ని వదలకూడదో తెలిసినవాళ్ళ పని. 1945 జూలై 16న తొలి అణుపరీక్షప్పుడు భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ కాగితం ముక్కలు జారవిడిచి, అవి ఎంత దూరం ఎగిరాయో చూసి, పేలుడు పదివేల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి సమానమన్నాడు. తర్వాత తేలింది దానికి రెట్టింపు పైనే. అయినా కాగితం ముక్కలతో అంత దగ్గరికి వచ్చాడు.

వాన లెక్క కూడా చెప్పాలి. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. గ్రేటర్ హైదరాబాద్ పాత హద్దుల విస్తీర్ణం 650 చదరపు కిలోమీటర్లు. నగరమంతా ఒక్క సెంటీమీటరు కురిసినా 65 లక్షల టన్నుల నీళ్ళు. గూడ్సు వ్యాగనుకు 60 టన్నుల చొప్పున లక్షకు పైగా వ్యాగన్లు కావాలి. ఒక్క సెంటీమీటరు వానను మనం వార్తగా కూడా లెక్కచేయం. కానీ ఆ బరువంతా మన నెత్తిన, ఏ స్తంభమూ లేకుండా, ఆవిరిగా, తుంపరగా తేలుతూ వచ్చింది. ఇప్పుడు నల్లమబ్బు పట్టినప్పుడల్లా మేడ మీదకు వెళ్ళి నిలబడుతున్నాను.

పిల్ల సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్ళింది. నిన్న సాయంత్రం ఫోను చేసింది. పెరట్లో చింతచెట్టుకు ఎన్ని ఆకులున్నాయో తేల్చాలట. "ఒక్కో రెమ్మకు 26 దాకా ఉన్నాయి పెద్దనాన్నా. చిన్న కొమ్మకు రెమ్మలు 40. పెద్ద కొమ్మలు ఇంకా లెక్కపెట్టలేదు, చీకటి పడిపోయింది. రేపు మళ్ళీ చేస్తాను" అంది.