ఇరవై లీటర్ల సంచి, పన్నెండు కొబ్బరికాయలు

కోనసీమలో ఎత్తయిన ప్రదేశాల జాబితా రాయాలంటే బస్సు టికెట్టు వెనక్కి తిప్పితే చాలు. ఏటిగట్టు, రావులపాలెం వంతెన, వరదలప్పుడు పశువుల్ని తోలే మెరక. అయిపోయింది. అంతకు పైన ఉన్నవన్నీ కొబ్బరిచెట్లే. ధవళేశ్వరం కొండకి ఆఖరి దణ్ణం పెట్టుకుని, పాయలుగా విడిపోయి బయల్దేరిన గోదావరికి సముద్రం దాకా మళ్లీ కొండన్నది ఎదురుపడదు. వస్తూ వస్తూ ఒండ్రుమట్టి తప్ప ఏమీ తేలేదు కాబట్టి, మా ఊళ్లో పిల్లాడికి కోపమొస్తే విసరడానికి రాయి కూడా దొరకదు. మట్టిగడ్డతో సరిపెట్టుకుంటాడు.

అలాంటి సీమలో కుర్చీ వేసుకుని కూర్చుని, కొండలెక్కే సంచి ఎలా ఎంచుకోవాలో చెప్పే అర్హత నీకెక్కడిదని ఎవరైనా అడగొచ్చు. కొండ మీదున్నవాడికి సంచి గురించి ఆలోచించే తీరిక ఉండదు, వాడికి కొండతోనే సరిపోతుంది. తీరిక మాకుంది. దాళ్వా కోతలై, కాలవలు కట్టేశాక, సార్వా నారుమళ్లు పోసేదాకా మా ప్రాంతంలో జరిగే ముఖ్యమైన వ్యవసాయం ఆలోచనే.

ఈ ఏడు ఆ ఆలోచనకి విత్తనం వేసినవాడు మా బావమరిది కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం, శనాదివారాలు కొండల మీద కాపురం. ఫోన్ చేసి, "మావయ్యా, మారేడుమిల్లి వెళ్దాం, గుడిస కొండ ఎక్కుదాం. ఒక చిన్న డేప్యాక్, అదే ఒక్కరోజు నడకకి సరిపడే వీపు సంచి, కొనుక్కోండి. కొండకీ పనికొస్తుంది, రోజూ వాడుకోవచ్చు" అన్నాడు.

ఈ "రెండింటికీ పనికొస్తుంది" అన్న మాట విని మోసపోయినవాళ్ల చరిత్ర పెద్దది. సోఫా కమ్ బెడ్ కొన్నవాళ్లని అడగండి. సరిగ్గా కూర్చోలేరు, సరిగ్గా పడుకోలేరు. అయినా నేను పడ్డాను. ఇరవై ఒక్క రోజులు దీక్షగా చదివాను. మధ్యలో మా ఆవిడ రెండుసార్లు, "ఏవండీ, అమ్మాయి సంబంధం కూడా మీరింత వాకబు చేయలేదు" అంది. అది నిజమే కాబట్టి జవాబు చెప్పలేదు.

మొదట తేలాల్సింది సైజు. సంచిని లీటర్లలో కొలుస్తారని నాకు అప్పుడే తెలిసింది. ఒక్కరోజు నడకకి పదిహేను నుంచి పాతిక లీటర్ల సంచి చాలట. పాల క్యాన్‌కి లీటర్లు అర్థమవుతాయి, గుడ్డకి లీటర్లేమిటి అంటే, చిన్న ప్లాస్టిక్ బంతులు సంచి నిండా పోసి, వాటిని మళ్లీ కొలపాత్రలో పోసి లెక్కగట్టే పద్ధతి ఉంది. ప్రామాణిక పరీక్షే అది, వేళాకోళం కాదు. కాకపోతే ప్లాస్టిక్ బంతులు మోసుకుంటూ కొండెక్కేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందుకని సంచి ఇంటికొచ్చిన రోజునే మన కొలమానంతో సరిచూశాను. ఇరవై లీటర్ల సంచికి ఒలిచిన కొబ్బరికాయలు పన్నెండు పట్టాయి. పదమూడోది పెడితే జిప్పు ఏడ్చింది. కాటా వేస్తే ఏడు కేజీల పైచిలుకు, అంటే విమానంలో చేత్తో తీసుకెళ్లనిచ్చే బరువు దాదాపు అంతా. ఇకమీదట ఏ కంపెనీ అయినా ఈ ప్రాంతంలో సంచి అమ్మదలిస్తే చీటీ మీద లీటర్ల పక్కన కాయలు కూడా అచ్చేయించాలని మనవి. ఒలిచినవెన్ని, ఒలవనివెన్ని, విడివిడిగా.

రెండోది వీపు. సంచి కొనేవాడు తన పొడుగు చెప్తే సరిపోదు, వీపు పొడుగు చెప్పాలి. తల వంచితే మెడ కింద ఒక ఎముక బుడిపెలా తేలుతుంది. అక్కణ్ణుంచి తుంటి ఎముకల పైఅంచుకి ఎదురుగా నడుము దాకా కొలవాలి. ఈ కొలత ఎవరికి వాళ్లు తీసుకోలేరు. మా వీధి టైలర్ దగ్గరికెళ్లి తల వంచి నిలబడ్డాను. ఆయన టేపు మెడమీద పెట్టి, కాసేపు ఆగి, "జాకెట్టుకా అండి?" అన్నాడు.

"కాదండి. సంచికి."

ఆయన కొలత పుస్తకంలో నా పేరు రాసి, పక్కన "సంచి" అని రాసి, ఎప్పటికి కావాలని అడిగాడు. కుట్టించుకోవడం కాదు, కొనడానికే అని చెప్పినప్పుడు ఆయన మొహంలో కనిపించిన జాలి నాకింకా గుర్తుంది.

మూడోది నడుం పట్టీ. ఇక్కడ నాకు కనువిప్పు కలిగించినవాడు మా చేలగట్టు మీద తాటిచెట్లు గీసే ఆయన. కాళ్లకి బందం, నడుం చుట్టూ మోకు, తుంటి మీద కత్తుల పొది, దాని పక్కన కుండ. ఇంత సరంజామాతో రోజుకి ఎన్ని చెట్లెక్కి దిగుతాడో ఆయనకే తెలియాలి. డెల్టాలో నిజమైన పర్వతారోహకుడంటూ ఉంటే ఆయనే. ఆయనకి నా సంచి చూపించాను. భుజాన వేసుకోలేదు. పట్టుకుని అటూ ఇటూ తిప్పి, నడుం పట్టీ వేళ్ల మధ్య నలిపి, "ఈ నాడా బరువు మొయ్యదండి. బరువన్నది తుంటెముక మీద కూర్చోవాల. ఇది బొడ్డు మీద కూర్చుంటాది. పొట్ట నొక్కేస్తే ఊపిరెక్కడాడుద్దండి?" అన్నాడు.

నేను ఇరవై ఒక్క రోజులు చదివిన దాని సారమంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. పెద్ద సంచులకి మెత్త వేసిన వెడల్పాటి పట్టీ ఉంటుంది, అది బరువుని తుంటి మీదికి దించుతుంది. చిన్న సంచులకి ఉండేది వట్టి నాడా. నడిచేటప్పుడు సంచి ఊగకుండా పట్టుకుంటుందంతే. నాలుగైదు కేజీల లోపు మోసేవాడు దాన్ని విప్పి ఇంట్లో పెట్టేయొచ్చు. నేను విప్పలేదు. డబ్బిచ్చి కొన్న నాడా అది.

ఇక గుడ్డ. సంచి గుడ్డని డీనియర్లలో చెప్తారు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు. 210 డీనియర్ అంటే తొమ్మిది వేల మీటర్ల దారం 210 గ్రాములన్నమాట. ఎవరెస్టు ఎత్తు 8848.86 మీటర్లు. అంటే ఎవరెస్టు కొన నుంచి సముద్రమట్టం దాకా ఒక పోగు నిలువునా వేలాడదీసినా ఇంకా నూట యాభై మీటర్ల దారం మిగులుతుంది. దానితో మా కొబ్బరితోట మొత్తానికి దడి కట్టలేం గానీ, ఇంత దూరం ఆలోచించిన గుడ్డ మా తేమకి ఆగుతుందా అన్నదే ప్రశ్న.

ఆగదు. సాక్ష్యం మా అటక మీదే ఉంది. ఏడేళ్ల కిందట పెళ్లిలో బహుమతిగా వచ్చిన సంచి ఒకటి, ఒక్క రోజూ వాడలేదు. ఈమధ్య దించి తెరిస్తే లోపలి పూత జిగటెక్కి, నా వేళ్లకి పాము కుబుసంలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. వాసన గురించి చెప్పను. ఇలాంటి సంచులకి లోపల పూసే పాలీయురెథేన్ తేమ తగిలిన కొద్దీ విరిగిపోతుంది. సిలికాన్ పూతకి ఈ జబ్బు లేదు, కాకపోతే ధర ఎక్కువ. వాడితే అరుగుతుంది, దాస్తే ఊడుతుంది. మనిషి ఆరోగ్యం గురించి మా డాక్టరుగారు చెప్పేది కూడా దాదాపు ఇదే.

కొత్తదానితో పాటు వాన తొడుగు ఇచ్చారు. దాన్ని పరీక్షిద్దామని సంచి తగిలించుకుని బోరు గొట్టం కింద నిలబడ్డాను. తొడుగు తన పని తాను చేసింది, బయటివైపు చుక్క దిగలేదు. కానీ నా మెడ మీద పడ్డ నీళ్లు వీపుకీ సంచికీ మధ్య నుంచి దారి చేసుకుని, తొడుగు లేనివైపు నుంచి లోపలికెళ్లి, అడుగున హాయిగా నిలిచాయి. తొడుగు పుణ్యమా అని అవి బయటికి కూడా పోలేదు. లోపల సామాన్లన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి మడిచేయడమే దీనికి మందు. ఆ సంగతి చెబితే మా పాలేరు గొడ్లపాకలోంచి యూరియా బస్తాతో కుట్టిన చేతిసంచి తెచ్చి చూపించాడు. 2018 నుంచి యూరియా బస్తా యాభై కేజీల నుంచి నలభై ఐదుకి తగ్గింది గానీ గుడ్డ మాత్రం అదే. నానదు, చిరగదు, చేపలు తెచ్చినా కడిగితే పోతుంది. దాని మీద పర్వతం బొమ్మ లేదు, అదొక్కటే లోటు.

చేపలంటే గుర్తొచ్చింది. "రోజూ వాడకం" అని సంచి తయారుచేసినవాళ్లు ఎవరి రోజుని ఊహించారో తెలియదు. నా రోజులో కళ్లజోడు, బీపీ మాత్రలు, పాస్‌బుక్కు, గొడుగు, వంకాయలు, వారానికి మూడుసార్లు చేపలు ఉంటాయి. సంచిలో పదిహేనున్నర అంగుళాల ల్యాప్‌టాప్‌కి మెత్తటి అర ఉంది. చేపకి లేదు. ఆ అరలో అరిటాకుల కట్ట పెట్టి చూశాను, ఒక్క చిరుగు లేకుండా ఇంటికొచ్చింది. భోజనాలున్న రోజుల్లో ఇంతకు మించిన ఏర్పాటు లేదు. పక్క జేబులో నీళ్లసీసా సంచి దింపకుండా చెయ్యి వెనక్కిపెట్టి తీసుకోగలగాలన్నది పెద్దల మాట. తీయగలిగాను. తిరిగి పెట్టడానికి మనిషి కావాలి.

గుండె మీద పట్టీకి ఉన్న బకిల్‌లో చిన్న విజిల్ కూడా ఉంది. కొండల్లో తప్పిపోతే ఊదడానికి. బస్సులో పక్కసీటు పిల్లాడు అది కనిపెట్టి ఒక్క ఊపు ఊదాడు. బస్సు ఆగిపోయింది. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. కండక్టర్ గారు నా గుండెల వైపు చాలాసేపు చూశారు.

ఆ పిల్లాడి సంచి సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఆరో తరగతి. దిగేటప్పుడు సంచి అందిద్దామని ఎత్తబోతే నా నడుం కలుక్కుమంది. మర్నాడు పొద్దున్నే మా పక్కింటి ఆరో తరగతి పిల్లాడి సంచిని కొబ్బరికాయల కాటాకి తగిలించాను. ఏడున్నర కేజీలు. పిల్లాడు ముప్ఫై రెండు. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం సంచి బరువు పిల్లాడి బరువులో పది శాతం దాటకూడదు. పాలసీ కూడా ఆ సంచిలోనే ఎక్కడో పుస్తకాల కింద పడి ఉండాలి. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయికి చేతులెత్తి మొక్కుతాను. అదే ఈడు మన పిల్లలు రోజూ అదే తీరున ముందుకి వంగి మూడో అంతస్తు ఎక్కుతున్నారు, పైన జెండా పాతనివ్వరు, టెస్టు పెడతారు. కొండసంచి ఎలా ఉండాలో నిపుణుల కమిటీ వేస్తే అధ్యక్షుడు ఆరో తరగతి నుంచి రావాలి. మేం సభ్యులుగా ఉంటాం.

ధర మూడు వేలు. మా ఆవిడ ఒకే మాట అంది: "మూడు వేలకి బట్టలు కొంటే సంచి ఊరికే ఇస్తారు."

గుడిస యాత్ర గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చీకట్నే మారేడుమిల్లిలో జీపెక్కాం. కొండెక్కింది జీపు. అది ఆగిన చోటు నుంచి జనం ఫోటోలు దిగే చోటు దాకా నేను నడిచాను. గడ్డి కొండల మీద మబ్బు కిందికి దిగి ఉంది, దానిలోంచి సూర్యుడొచ్చాడు, చాలా బాగుంది. నా వీపు మీద రెండు లీటర్ల నీళ్లు, టార్చి, మేజోళ్లు, ప్రథమ చికిత్స డబ్బా, వాన తొడుగు ఉన్నాయి. మా వాడి జేబులో ఫోను ఉంది. దిగొచ్చి బొంగు చికెన్ తిన్నాం.

తిరుగు దారిలో ఆత్రేయపురంలో పెద్దమ్మ ఇంటి దగ్గర ఆగాను. పెద్దమ్మకి ఎనభై దాటాయి. సంచి వైపు చూసి, "ఖాళీగా ఉందేంట్రా నాన్నా" అంది. ఆపేలోపే నా సామానంతా తీసి ఒక క్యారీబ్యాగులో పడేసింది. కొబ్బరికాయలు వీపు వైపు ఆనించి పేర్చింది. కొత్తావకాయ సీసాని పాత చీరముక్కలో చుట్టి, ఒరగకుండా నడిమధ్యన నిలబెట్టింది. పూతరేకుల పెట్టె అన్నిటికన్నా పైన, దాని మీద ఏదీ పెట్టనివ్వలేదు. బరువైనవి వెన్నుకి దగ్గరగా, నలిగేవి పైన అని నేను మూడు వారాలు చదివిన చదువు ఇదే. జిప్పు లాగింది. అది ఏడవలేదు.

అప్పుడు సంచి కింది భాగంలో వేలాడుతున్న చిన్న ఉచ్చు ఆవిడ కళ్లబడింది.

"ఇదెందుకురా?"

"మంచుగొడ్డలి తగిలించడానికి పెద్దమ్మా. మంచు కొండలెక్కేవాళ్లు..."

"మంచులో కట్టెలెవడు కొడతాడురా?" అంటూ లోపలికెళ్లి, ఒక చక్రకేళి అత్తం తెచ్చి, తొడిమ ఆ ఉచ్చులో దూర్చి, మెలితిప్పి, లాగి చూసింది.

కదల్లేదు.