కట్నం తీసుకున్న చేతికి ప్రభువు బల్ల రొట్టె ఎలా ఇస్తున్నాం?

హైదరాబాద్ క్రైస్తవ సంఘాల్లో నీతి మీద ప్రసంగాలకు కొరత లేదు. మందు, సినిమాలు, ఫోన్లు, అమ్మాయిల బట్టలు, అన్యులతో, అంటే క్రైస్తవులు కానివాళ్లతో, పెళ్లిళ్లు... ఏ ఆదివారం ఏ మందిరానికి వెళ్లినా వీటిలో ఏదో ఒకటి గట్టిగానే వినిపిస్తుంది. వినిపించాలి కూడా. కాలం మారింది కాబట్టి వాక్యాన్ని కాస్త సడలించుకుందాం అనేవాళ్లతో నేను ఏకీభవించను. మోషే నాడు పాపమైన వ్యభిచారం హైటెక్ సిటీలోనూ పాపమే. కానీ పది ఆజ్ఞల్లో చివరిది, పొరుగువాడిది ఏదీ ఆశించకూడదన్నది, పెళ్లిమాటల దగ్గరికి వచ్చేసరికి మనకు ఎందుకు గుర్తుండదు?

ఆ మాటలు ఎలా సాగుతాయో విశ్వాసుల ఇళ్లలో పెరిగిన ఎవరినడిగినా చెబుతారు. ముందు ప్రార్థన. అబ్బాయి తరఫు పెద్దాయన కళ్లు మూసుకుని "నీ చిత్తమే జరిగించు ప్రభువా" అంటాడు. ఆమేన్ అయ్యాక టీలు వస్తాయి. "మేమేమీ అడగం, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది పెట్టుకోండి" అంటారు. ఇక అక్కణ్నుంచి తులాలు, ఘట్‌కేసర్ వైపు ప్లాటు, కారు. ప్రధానం నాటికి సగం చేతులు మారుతుంది. తర్వాత ఆరాధనలో పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమంటారు. ఎంత ఇచ్చారో తెలిసిన బంధువులు ఆ బెంచీల్లోనే కూర్చుని ఉంటారు. ఒక్కరూ లేవరు.

పెళ్లిలో ఎఫెసీ పత్రిక, అంటే ఎఫెసు సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, అయిదో అధ్యాయం చదువుతాం. భార్య లోబడాలన్న వచనం మీద ప్రసంగం ఎంతసేపైనా సాగుతుంది. క్రీస్తు సంఘం కోసం తనను తాను అప్పగించుకున్నట్టు భర్త ప్రేమించాలన్న వచనం రెండు వాక్యాల్లో అయిపోతుంది. తనను తాను ఇచ్చుకోవాల్సినవాడు అప్పటికే లెక్కపెట్టి పుచ్చుకున్నాడు మరి, ఇంకేం చెబుతారు? బైబిల్లో చూస్తే ఇచ్చుకున్నది మగపెళ్లివారే. రాహేలు కోసం యాకోబు ఏడేళ్లు, మళ్లీ ఏడేళ్లు ఆమె తండ్రి లాబాను దగ్గర కొలువు చేశాడు. ఇస్సాకుకు కోడలిగా అడగబోయిన రిబ్కాకు బంగారం పెట్టింది, పెళ్లికొడుకు తండ్రి అబ్రాహాము పంపిన దాసుడు. ఐగుప్తు రాజు ఫరో తన కూతురికి గెజెరు పట్టణాన్ని కట్నంగా ఇచ్చాడు కదా అని, ఆమెను చేసుకున్న సొలొమోను రాజును చూపించేవాళ్లు ఉన్నారు. అలాంటి పెళ్లిళ్లు సొలొమోనును విగ్రహాల దగ్గరికి ఎలా లాక్కెళ్లాయో మొదటి రాజుల గ్రంథం 11వ అధ్యాయం కూడా చదవాలి.

ఇది కట్నం కాదు, ఆడపిల్ల వాటా అంటారు కొందరు. ఇవ్వకపోతే పిల్లకు పెళ్లి కాదన్న తల్లిదండ్రుల భయం నిజమే, వాళ్లను నేను తప్పుపట్టను. వాటా సంగతి మాత్రం వేరు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన క్రైస్తవ తండ్రి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా వస్తుంది. అంత ప్రేమ ఉంటే ప్లాటు ఆమె పేరు మీద రిజిస్టర్ చేయించండి. అబ్బాయి వాళ్ల నాన్న చేతిలో పెట్టే డబ్బు ఆమె వాటా ఎలా అవుతుంది? కట్నం అడిగినా, తీసుకున్నా 1961 నుంచీ నేరమే. చట్టం నేరమన్నదాన్ని సంఘం కనీసం పాపమని కూడా అనలేకపోతే ఇక మన సాక్ష్యం దేనికి?

అన్యురాలిని చేసుకున్న కుర్రాణ్ని ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి, దూరం పెట్టిన సంఘాలున్నాయి. భారీగా కట్నం తీసుకున్నవాడు అదే సంఘంలో యూత్ లీడర్‌గా, కొన్నాళ్లకు కమిటీ మెంబరుగా ఎదుగుతాడు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదో వంతు చెల్లించి న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టారని ఆనాటి యూదు మతనిష్ఠాపరులైన పరిసయ్యుల్ని యేసు మందలించింది దీనికే. న్యాయం, కనికరం చేయాలి, ఆ పదో వంతూ మానకూడదు అన్నాడాయన. పెళ్లి రిజిస్టర్‌లో సంతకాలకు ముందే కాపరి, అంటే పాస్టరు, రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి, ఏమిచ్చారు, ఏం తీసుకున్నారు అని అడగాలి. తీసుకుంటే తిరిగిచ్చేదాకా పెళ్లి చేయకూడదు. యేసును చూడటానికి పన్నుల వసూలుదారు జక్కయ్య చెట్టెక్కిన కథ సండే స్కూల్లో అందరికీ నేర్పుతాం. చెట్టు దిగాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న మాట పెద్దయ్యాక ఎవరూ గుర్తు చేయరు.

కాపరులు ఎందుకు అడగరు? పెద్ద కానుకలు వచ్చేది ఆ కుటుంబాల నుంచే కాబట్టి. నన్నడిగితే రోగం అసలు ఇక్కడే ఉంది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం వసూలు చేసిన డబ్బును పౌలు ఒంటరిగా పట్టుకెళ్లలేదు. తన మీద ఎవరూ నింద మోపకూడదని తన తోటి పనివాడు తీతుతో పాటు, సంఘాలు ఎన్నుకున్న మనిషిని కూడా ఆ పనిలో పెట్టాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. అపొస్తలుడే అంత జాగ్రత్తపడితే, మందిరం స్థలం ట్రస్టు పేరున ఉందో పాస్టరు గారి కుటుంబం పేరున ఉందో విశ్వాసులకు తెలియని పరిస్థితి మన నగరంలో ఎందుకుండాలి? దశమభాగాలు, అంటే విశ్వాసులు ఇచ్చే పదో వంతు, ఎంత వచ్చాయి, కాపరి జీతమెంత, అద్దె ఎంత, విధవరాళ్లకు ఎంత ఇచ్చారు అన్నది నెలనెలా మందిరం గోడకు అంటించాలి. అడిగినవాళ్లను అవిశ్వాసులుగా చూడటం మానాలి. కానుకల పెట్టె లెక్క అలా బయటపెట్టిన కాపరి, పెళ్లి ప్రకటన రోజు మైకులోనే "కట్నం ఎంత తీసుకున్నారు?" అని అడిగినా, ముందు నీ లెక్క చెప్పు అని ఎవరూ అనలేరు.