మాట ముచ్చటలో సెక్షన్ మూడు

లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌కు వయోపరిమితి లేదు. మా ఇంట్లో ఎవరికీ నచ్చని నిబంధన ఇదొక్కటే. ఉండుంటే ఆ వంకతో నన్ను ఆపేవాళ్లు. డిగ్రీలో 45 శాతం మార్కులుంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఎవరైనా రాయొచ్చు, బీసీలకూ ఎస్సీ ఎస్టీలకూ అంత కూడా అక్కర్లేదు. పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోయారు, సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఇంటి నుంచి షేర్ ఆటోలో వెళ్లొచ్చే దూరమే, ఇంకేం కావాలని అప్లికేషన్ పెట్టేశాను. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు. 42 వస్తే క్వాలిఫై. అత్తమ్మ కూడా మొదట్లో వాకిట్లోకొచ్చిన ప్రతివాళ్లకూ "మా కోడలు వకీలు చదువుతది" అని చెప్పుకుంది. ఇప్పుడు చెప్పడం లేదు.

ఆ 120లో సగం, అంటే 60 ప్రశ్నలు, లా ఆప్టిట్యూడ్‌వే. అక్కడే నా ప్రాణం పోయింది. నయీంనగర్‌లో కోచింగ్‌లో చేరితే సార్ చేతికి ఒక గైడ్ ఇచ్చాడు. అట్ట మీద మెరుస్తూ 'లేటెస్ట్ ఎడిషన్' అని స్టిక్కర్. లోపల అంతా ఐపీసీయే. 1860 నాటి ఆ ఐపీసీ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, అమల్లోకి వచ్చింది, 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు 302 అని సినిమాలు చూసే చిన్నపిల్లలు కూడా చెబుతారు, ఇప్పుడది 103. మోసగాణ్ని ఫోర్‌ట్వంటీ అని తిట్టడానికి లేదు, 318 అనాలి. అంటే వాడికి అర్థమవ్వాలి కదా. గొడవలప్పుడు పెట్టే 144 సెక్షన్ ఐపీసీది కాదు, సీఆర్‌పీసీది. అదీ పోయి, దాని బదులొచ్చిన చట్టంలో 163 అయి కూర్చుంది. సార్‌ను అడిగితే "రెండూ నేర్చుకోండి మేడం, సేఫ్ సైడు" అన్నాడు. ఫీజు మాత్రం రెండు చట్టాలకూ కలిపి ఒకటే తీసుకున్నందుకు నేను సంతోషించాలన్నట్టు ఒక నవ్వు నవ్వాడు.

ఈ సారే ఇంకో సలహా కూడా ఇచ్చాడు. "సెక్షన్లు చదివితే నిలవయి మేడం, వింటే నిలుస్తయి. మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి. ఒక్కో సెక్షన్‌కు మీ ఇంట్ల మనిషిని తగిలించుండ్రి. ఇగ జన్మల మర్చిపోరు." సార్‌కు ఇంకా పెళ్లి కాలేదు, కేయూ క్రాస్‌రోడ్డు దగ్గర రూములో ఉంటాడు. ఇంట్లో మనుషులకు సెక్షన్లు తగిలించడమంటే ఏమిటో ఆయనకు ఎవరు చెప్పాలి?

సరే అని రాత్రిళ్లు డాబా మీద, నీళ్ల ట్యాంకు చాటున కూర్చుని రికార్డు చేయడం మొదలుపెట్టాను. రాజ్యాంగం చాలా మర్యాదగా సాగింది. 1949 నవంబర్ 26న ఆమోదం, 1950 జనవరి 26న అమలు, 21వ అధికరణం జీవించే హక్కు... ఇంటి మనుషుల అవసరమే పడలేదు. వరకట్న నిషేధ చట్టం, 1961 దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉదాహరణలు వాటంతటవే నోట్లోకి వచ్చాయి. ఏరుకోవడమే కష్టమైంది.

మొన్న ఆదివారం మా మరిది మాట ముచ్చట, అంటే పెళ్లి మాటలు. పిల్లది జమ్మికుంట. వాళ్ల తరఫున పిల్ల తండ్రి, మేనమామలు, నలుగురైదుగురు పెద్దమనుషులు మా ఇంటికే వచ్చారు. నడుమ ఒక మధ్యవర్తి. నేను వంటింట్లో గారెలు వేస్తున్నాను. నెత్తి మీద చిమ్నీ బుస్సుమంటోంది. చేతులకు పిండి. ఎలాగూ గంటసేపు కదలడానికి లేదు, ఆ గంట వృథా ఎందుకు చేయాలని చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ఫోన్ పోపుల డబ్బాకు ఆనించి, ప్లే నొక్కాను.

ఏమీ వినపడలేదు.

ఇక్కడ మా ఆడబిడ్డ కొడుకు గురించి చెప్పాలి. పదో తరగతి. వాడికో ట్రాలీ స్పీకర్ ఉంది, చక్రాలు, మైకు, ముందువైపు రంగు రంగుల లైట్లు. పోయిన బతుకమ్మకు మా గల్లీలో ఆడవాళ్లందరం దాని చుట్టూతే తిరిగాం, పాటలు పెట్టింది నా ఫోన్ నుంచే. ఆ స్పీకర్ నా ఫోన్‌ను మర్చిపోలేదు. పెద్దలు మాట్లాడుకుంటుంటే వెనకాల సన్నగా సన్నాయి పెడితే ఫంక్షన్ లెక్క ఉంటదని వాడు దాన్ని మోసుకొచ్చి హాల్లో టీపాయ్ పక్కన పెట్టి ఆన్ చేశాడు. వాడి ఫోన్ కలిసేలోపు అది నా ఫోన్‌ను పట్టేసుకుంది. ఇదీ జరిగింది. ఈ భాగాన్ని ఇప్పటికీ ఎవరూ వినిపించుకోవడం లేదు.

నాకు చెవిలో వినపడకపోయేసరికి సౌండు పెంచాను. అయినా వినపడలేదు. మోచేతితో ఇంకా పెంచాను. మొత్తం పెంచాను. అంతలో చిమ్నీ రొదలోంచి హాల్లో ఎవరో ఆడమనిషి మాట్లాడుతున్నట్టు వినిపించింది. ముక్కుతో మాట్లాడుతోంది. మాట మాటకూ ఆగి, పంతులమ్మలాగా, ఒత్తి ఒత్తి. జమ్మికుంట వాళ్ల మేనత్త ఎవరో పెత్తనం చేస్తోందనుకున్నాను. ఇంత నోరున్న మనిషి ఉన్న ఇంట్లో సంబంధం మనకెందుకు, మా ఆయనకు చెప్పాలి అని కూడా అనుకుంటూ ఇంకో వాయి దించాను.

అదే సమయంలో హాల్లో ఏం జరిగిందో తర్వాత వీడియోలో చూశాను. మధ్యవర్తి ఒక తెల్లకాయితం పట్టుకుని "పిల్లగానిది గవర్నమెంటు కొలువు, అది మీకు ఎరుకే. బంగారం పది తులాలు అనుకున్నం, కారు..." అంటున్నాడు. స్పీకర్ లైట్లు వెలిగాయి.

"వరకట్న నిషేధ చట్టం, పందొమ్మిది వందల అరవై ఒకటి."

అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పెద్దాడబిడ్డ భర్త, వరుసకు నాకు అన్నయ్య, "యూట్యూబ్‌ల యాడ్ అచ్చినట్టుంది, స్కిప్ కొట్టుర వారి" అన్నాడు. పిల్లాడు తన ఫోన్‌లో స్కిప్ బటన్ కోసం వెతుకుతున్నాడు. లైట్లు నా ప్రతి అక్షరానికీ ఎర్రగా, పచ్చగా, నీలంగా మారుతున్నాయి.

"సెక్షన్ మూడు. కట్నం ఇచ్చినోళ్లకు, తీసుకున్నోళ్లకు, నడుమ కూసోని ఇప్పించినోళ్లకు, ఐదేండ్లకు తక్కువ కాకుండ జైలు. జుల్మానా పదిహేను వేలు, లేకుంటె కట్నం ఎంతనో అంత. రెండిట్ల ఏది ఎక్కువైతె అది."

'నడుమ కూసోని' దగ్గర మధ్యవర్తి చేతిలో చాయ్ గ్లాసు సాసర్లో కూర్చుంది. వీడియోలో ఆ చప్పుడు స్పష్టంగా వినపడుతుంది. పిల్ల తండ్రి మాత్రం కొంచెం ముందుకు జరిగాడు, సరిగ్గా వినడానికి.

"సెక్షన్ నాలుగు. ఇయ్యకపోయినా సరే, అడిగితె చాలు. ఆరు నెలలు మొదలు రెండేండ్ల దాక. ఉదాహరణ, మా మామయ్య."

మామయ్య అప్పటిదాకా ఈ గొంతు ఎవరిదా అని ఆలోచిస్తున్నారు. ఇప్పుడు తెలిసింది.

"నా లగ్గంల మామయ్య హీరోహోండా అడిగిండు. నల్లది తెస్తే ఎర్రది కావాలన్నడు. ఇది సెక్షన్ నాలుగు. గుర్తు పెట్టుకోవాలె. ఎర్ర బండి, నాలుగు."

ఆ బండి ఇంకా కింద పార్కింగులోనే ఉంది. జమ్మికుంట మేనమామల్లో ఒకాయన కిటికీలోంచి కిందికి చూడటం కూడా వీడియోలో ఉంది. ఎర్రదే.

"సెక్షన్ రెండు. పెండ్లికి ముంగటైనా, పెండ్లప్పుడైనా, ఎనుకకైనా, ఎవలకిచ్చినా కట్నమే. ఉదాహరణ, ఆడిబిడ్డ కట్నం తక్కువైందని అన్నయ్య అలిగి బువ్వ తినకపోవుడు. ఇది కట్నం కిందికి అస్తదా, రాదా?" ఇక్కడ ఆలోచించుకోవడానికి నేను రికార్డింగులోనే కాసేపు ఆగాను. హాల్లో కూడా అందరూ ఆగారు. "అస్తది."

ఆ 'అస్తది' దగ్గరే నేను చిమ్నీ ఆపాను. హాల్లో నా గొంతు, నా మాటలు, నా అన్నయ్య. చేతిలో జల్లిగంటెతో సహా ఫోన్ మీద పడ్డాను. పిండి వేలికి లాక్ తెరుచుకోదు. పిన్ కొడితే ఒక అంకె బదులు ఇంకోటి పడుతుంది. కొంగుతో తుడిచి మళ్లీ కొట్టేసరికి 'ముప్పై సెకన్లు ఆగి ప్రయత్నించండి' అని వచ్చింది. దొంగల నుంచి నా ఫోన్‌ను కాపాడుతోందట. ముప్పై సెకన్లంటే ఎంతసేపో నాకు ఆ రోజు తెలిసింది, ఇంకో సెక్షన్ మొత్తం పడుతుంది.

హాల్లో అన్నయ్య లేచి ప్లగ్గు పీకేశాడు. ట్రాలీ స్పీకర్‌కు బ్యాటరీ ఉంటుందని ఆయనకెవరు చెప్పాలి? లైట్లు ఆరలేదు, నేనూ ఆగలేదు. "పెండ్లైన ఏడేండ్ల లోపట..." అని మొదలైంది. ఆడపిల్లను ఇవ్వడానికి వచ్చిన వాళ్ల ముందు, శుభమా అని తమలపాకులు పెట్టుకున్న చోట, వరకట్న మరణం, బీఎన్‌ఎస్ సెక్షన్ ఎనభై. అత్తమ్మ "అయ్యో! అయ్యో! అవుతలకు పట్కపోండి దాన్ని" అని అరిచింది. పెళ్లికొడుకు, మా మరిది, కొత్త చొక్కాతో సహా ఆ స్పీకర్‌ను రెండు చేతులా కౌగిలించుకుని బయటికి పరుగెత్తాడు. మెట్ల మీద కూడా చెబుతూనే ఉంది. అంతకుముందు మా ఇంట్లోవాళ్లే విన్నారు, ఇప్పుడు గల్లీ వింది. గేటు దాటాక బ్లూటూత్ అందక నా గొంతు ముక్కలై "యా... వజ్... జీ..." అని మిగిలింది. 'వం' వినపడలేదు. ఎదురింటామె తర్వాత అడిగింది, ఎవరికి పడిందమ్మా యావజ్జీవం అని.

భోజనాలు చప్పుడు లేకుండా జరిగాయి. "గారెలు మంచిగైనయి బిడ్డా" అన్నది పిల్ల తండ్రి ఒక్కడే. మళ్లీ వేయించుకుని తిన్నాడు కూడా.

సంబంధం చెడిపోయిందేమో అనుకుంటారు. ఏమీ చెడలేదు. తిన్నాక మధ్యవర్తి ఆ తెల్లకాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని "రాతకోతలెందుకు, పెద్దమనుషులం, నోటి మాట మీద పోదాం" అన్నాడు. పది తులాలు పది తులాలే. కారు కారే. కాకపోతే 'కట్నం' అన్న మాట ఎవరూ అనలేదు, 'పిల్ల పేరు మీద' అన్నారు. అడగకుండా సంతోషంగా పెట్టిన కానుకలైతే లిస్టు రాసి ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది. అప్పటిదాకా మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క లిస్టు నా వల్ల మాయమైంది.

సార్‌కు ఫోన్ చేసి నాలుగు మాటలు అందామనుకున్నాను. విని ఆయన ఎంత సంబరపడ్డాడంటే, "చూసిండ్రా మేడం, ఇగ ఆ సెక్షన్లు మర్చిపోతరా? ఆ ఆడియో మన బ్యాచ్ గ్రూపుల పెట్టుండ్రి" అన్నాడు. రెండో ఇన్‌స్టాల్‌మెంటు కూడా గుర్తు చేశాడు.

ఇంట్లో అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పాలంటే మా ఆయనతో, నేను పక్కనే ఉండగా, "ఆ వకీలమ్మకు చెప్పు, పాలు పొంగుతున్నయి" అంటోంది. మామయ్య ఎర్ర బండి తీయడం మానేసి నడిచి వెళ్తున్నారు. మా ఆయన మాత్రం "ఉదాహరణలకు నీకు మీ పుట్టింటోళ్లు దొరకలేదా" అంటాడు. మా నాన్న ఇచ్చినవాడు, సెక్షన్ మూడు ప్రకారం ఆయనకూ ఐదేళ్లే, ఆ ఉదాహరణ కూడా ఉంది, రెండో ఆడియోలో. మరిది స్పీకర్‌ను గేటు దాటించకపోతే అదీ వచ్చేది.

రాత్రి పిల్లాడు ఆ వీడియోను ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ చూశారు, ఒక్కరూ కిమ్మనలేదు. చాలాసేపటికి అన్నయ్య పేరు పక్కన 'టైపింగ్' అని కనిపించింది. ఆగింది. మళ్లీ కనిపించింది. అలక సంగతి ఎత్తుతాడనుకున్నాను, సమాధానం కూడా తయారుగా పెట్టుకున్నాను. వచ్చిన మెసేజ్ ఇది: "చెల్లె, వరకట్న చావుకు సెక్షన్ 304బి. నువ్వు 80 అన్నవు. పరీక్షల గిట్లనే తప్పు రాస్తవు, జర చూసుకో."

కింద ముగ్గురు బొటనవేలు గుర్తులు పెట్టారు. అందులో ఒకటి మా మామయ్యది.

నేను టైపు చేయడం మొదలుపెట్టాను. 304బి పాత ఐపీసీది అన్నయ్యా, 2024 జులై 1 నుంచి అది 80, భార్యను హింస పెట్టే 498ఏ ఇప్పుడు 85, ఏది క్రూరత్వమో చెప్పేది 86. మా ఆయన మంచం మీద లేచి కూర్చుని "వద్దు. పంపకు. లగ్గం అయ్యేదాక ఆగు" అంటూ ఫోన్ కోసం చేయి చాపాడు. అప్పటికే కింద ఒక ఉదాహరణ కూడా చేర్చి పంపేశాను.