పుస్తకానికి చందన సేవ

సింహాద్రి అప్పన్న ఏడాది పొడవునా చందనం మాటునే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. ఆయన కొండ కింద, గోపాలపట్నం మొదలుకొని గాజువాక దాకా, పదో తరగతి పాఠ్యపుస్తకాలకూ అదే వైభవం నడుస్తోంది. జనవరిలో రివిజన్ అంటూ పసుపు హైలైటర్ మూత తీస్తారు. మొదటి పేజీలో నిర్వచనం మీద ఒక గీత. రెండో పేజీలో నాలుగు. మూడో పేజీకి వచ్చేసరికి ఏది వదలాలో తోచక పేజీ మొత్తం. ఫిబ్రవరి ఆఖరుకు పుస్తకం నిండా పసుపు పూతే. తేడా ఒక్కటే: అప్పన్న మీది చందనాన్ని ఏటా ఒకసారైనా ఒలుస్తారు.

ఈ సేవను చిన్నచూపు చూసేవాళ్లు లేకపోలేదు. జాన్ డన్‌లోస్కీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2013లో, సహచరులతో కలిసి పది చదువు పద్ధతులను తూకం వేశాడు. గీతలు గీయడం, చదివిందే మళ్లీ చదవడం: ఉపయోగం తక్కువ. తనను తాను పరీక్షించుకోవడం, ఎడమిచ్చి, అంటే కొన్ని రోజులు వదిలి మళ్లీ మళ్లీ చదవడం: ఉపయోగం ఎక్కువ. పాపం, ఆయన విశాఖ ఎంవీపీ కాలనీలో రెండు గదుల ఇంట్లో ఒక్క సాయంత్రం కూర్చుని ఉంటే అలా రాసేవాడు కాదు. రివిజన్ పిల్లవాడి కోసమని ఆయన భ్రమ. అది ఇంట్లోవాళ్ల గుండె ధైర్యం కోసం చేసే పని. పుస్తకం తెరిచి ఉంటే చదువుతున్నట్టు, మూసి ఉంటే చెడిపోతున్నట్టు. ఇంతకు మించిన కొలబద్ద ఏ ఇంట్లోనూ లేదు.

శాస్త్రీయ పద్ధతి పాటించబోయిన అభాగ్యుడి గతి ఇలా ఉంటుంది:

"ఏట్రా, పుస్తకం మూసీసి అలా కూకున్నావు?"

"గుర్తొస్తందో లేదో చూసుకుంటన్నాను నానమ్మా."

"మూసీసి గుర్తు తెచ్చుకోడమేటి? తెరిస్తే అందులోనే ఉంది కదా!"

ఈ వాదనకు జవాబు చెప్పగల మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకా పుట్టలేదు.

పోనీ, అంకెలే మాట్లాడతాయంటారా? 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంతమంది విద్యార్థులతో ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివించారు. మరికొంతమందితో ఒక్కసారే చదివించి, మూడుసార్లు చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం ఆగి పెడితే చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. దీన్నిబట్టి తేలేది ఏమిటి? మన సంప్రదాయ పద్ధతికి వంక పెట్టడానికి లేదు, పరీక్ష పుస్తకం మూసిన ఐదు నిమిషాలకే జరిగితే చాలు. లోపం పద్ధతిలో లేదు, మార్చి దాకా ఆగే బోర్డులో ఉంది. పిల్లవాడు పుస్తకం మూయగానే ఇన్విజిలేటరు తలుపు తట్టే ఏర్పాటు చేయమని మా వినతి.

ఆ వినతి మంజూరయ్యేలోగా, ఇంట్లో గొడవకు సిద్ధపడినవాళ్ల కోసం మాత్రమే ఈ నిషిద్ధ ప్రక్రియ రాస్తున్నాం. ఒక పాఠంలో ఎనిమిది పది పేజీలకు మించకుండా ముక్క తీసుకోవాలి. ఇరవై నిమిషాలు చదవాలి. పుస్తకం మూసి పక్క గదిలో పెట్టాలి. బల్ల మీదే ఉంటే చెయ్యి దానంతట అదే వెళ్తుంది. తెల్లకాగితం మీద పది నిమిషాలు గుర్తున్నదల్లా రాయాలి, బొమ్మలతో సహా. తరవాత పుస్తకం తెచ్చుకుని, తప్పినవీ మరిచినవీ ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద చేర్చాలి. మర్నాడు మళ్లీ తెల్లకాగితంతోనే మొదలుపెట్టాలి, పుస్తకంతో కాదు. నిన్న ఎర్రగా ఉన్నవి ఇవాళ నీలంగా రావాలి. రానివే అసలు రివిజన్, మిగతాదంతా తెలిసిందే.

ఇది చెడేది రెండుచోట్ల. మొదటిది, ముప్పై సెకన్లకే "రావట్లేదు" అని పుస్తకం తెరవడం. ఆ గింజుకోవడంలోనే పని జరుగుతుంది, కాబట్టి కనీసం రెండు మూడు నిమిషాలు గింజుకోవాలి. రెండోది, ఎర్ర పెన్ను దాకా వెళ్లకపోవడం. సరిచూసుకోకపోతే తప్పు కూడా చక్కగా బట్టీ పడుతుంది. కుంభాకార కటకం కిరణ చిత్రాలే చూడండి. వస్తువు అనంత దూరం నుంచి కటకం వైపు జరిగే కొద్దీ ఆరు సందర్భాలు. పుస్తకంలో చూస్తుంటే ఆరూ వచ్చినట్టే ఉంటాయి. మూసి గీయమంటే వస్తువు 2ఎఫ్ దగ్గర, అంటే కటకం నాభి ఎఫ్‌కి రెట్టింపు దూరంలో, ఉన్నది గీసేస్తారు. ఎఫ్‌కీ కటకానికీ మధ్య ఉన్నది వచ్చేసరికి మాత్రం ప్రతిబింబాన్ని అవతలి పక్క తలకిందులుగా వేలాడదీస్తారు. అది వస్తువున్న వైపే, నిటారుగా, పెద్దదిగా రావాలి. చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా తెచ్చుకోవడం వేరు. హాల్ టికెట్ మొదటిదానికి ఇవ్వరు.

లెక్కల్లో మన ఆచారం మరీ పవిత్రమైనది. ఒక అభ్యాసం పట్టుకుని మొదటి లెక్క నుంచి చివరిదాకా ఒకే బిగిన చేయడం. మొదటిదానికి ఏ సూత్రం పనిచేసిందో మిగతావాటికీ అదే కాబట్టి, మూడో లెక్క నుంచి బుర్రకు సెలవు. ఘనపరిమాణాల లెక్కలతోనే రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో దీన్ని తేల్చారు. ఒక రకం అయ్యాక ఇంకో రకం చేసినవాళ్లు సాధన సమయంలో 89 శాతం సరిగా చేశారు, కలగాపులగంగా చేసినవాళ్లు 60. వారం తరవాత పరీక్షలో మొదటివాళ్లు 20 శాతం, రెండోవాళ్లు 63. ట్యూషన్ మాస్టారికి కనబడేది ఆ 89 ఒక్కటే. ఫీజు కూడా దానికే కడతాం. ప్రశ్నపత్రం మీద ఇది శంకువో, స్థూపమో, వర్గ సమీకరణమో రాసి ఉండదు గనక, ఏ సూత్రం అన్నది ఎంచుకోవడమే సగం లెక్క. విరుగుడు కావాలంటే, నాలుగు అధ్యాయాల నుంచి లెక్కల నంబర్లు చిట్టీల మీద రాసి ఖాళీ హార్లిక్స్ సీసాలో వేయండి. రోజుకు ఎనిమిది తీయండి. తప్పినవి తిరిగి సీసాలోకే. చిట్టీ పాటలకు అలవాటుపడ్డ కుటుంబాలకు కష్టం కాదు.

మోడల్ పేపర్ల సంగతి. లెక్కల పేపర్లో ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. చదువుకోడానికి ఇచ్చే 15 నిమిషాలు తీసేస్తే వంద మార్కులకు 180 నిమిషాలు. అంటే ఎనిమిది మార్కుల ప్రశ్నకు 14 నిమిషాలు, అలాంటివి ఐదింటికి గంటా పది. ఇంట్లో మాత్రం మోడల్ పేపరును టిఫినుకు ముందు సగం, మురీ మిక్చర్ తిన్నాక సగం, గ్రాఫు రేపటికని ఆపి, రెండు రోజుల్లో పూర్తి చేసి "95 వచ్చాయి" అని ప్రకటిస్తారు. గడియారం పెట్టుకోని 95ని మేం గౌరవిస్తాం, దిద్దేవాళ్ల సంగతి చెప్పలేం.

టైంటేబుల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఐదు రంగుల స్కెచ్ పెన్నులు, ఒక చార్టు, ఒక ఆదివారం. సోమవారం తప్పితే కొత్త చార్టు. వారానికి రెండు పూటలు ఖాళీగా వదిలితే తప్పినవి అందులో సర్దుకుంటాయి. కానీ ఖాళీ గడి కనబడితే నాన్నగారు అందులో హిందీ రాసేస్తారు.

ఇక ఎడమివ్వడం. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ 1885లో అర్థం లేని అక్షరాల వరసలు బట్టీపట్టి, తన మీదే ప్రయోగం చేసి, లెక్క రాసిపెట్టాడు. మొదట పడ్డ శ్రమలో మర్నాటికి మిగిలేది మూడోవంతు, నెలకు ఐదోవంతు. అర్థం లేనిది బట్టీపట్టి లోకప్రసిద్ధుడైనది ఆయనొక్కడే. మనవాళ్లు ఏటా లక్షలమంది అదే పని చేస్తున్నా పేరు రాలేదు. మరిచిపోబోయే ముందు మళ్లీ తెచ్చుకుంటే ఆ జారుడు నెమ్మదిస్తుంది. ఈ రహస్యం సింహాచలానికి జర్మనీ చెప్పాల్సిన పని లేదు. పాతది ఒలిచాక కొత్త చందనాన్ని అప్పన్నకు ఒకేసారి పూయరు. తదియ నాడు మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. పన్నెండు తిథుల ఎడం, తరవాత నెల, మళ్లీ నెల. మన పిల్లలు మాత్రం పన్నెండు మణుగులూ పరీక్ష ముందురాత్రి పూసుకుని, తెల్లవారుజామున మూడింటికి పడుకుని, తొమ్మిదిన్నరకు సెంటర్లో ఆవులిస్తారు. చదివింది నిద్రలోనే కుదురుకుంటుందన్న సంగతి ఆ రాత్రికి చెప్పినా వినేవారుండరు. జనవరి 6న చదివిన పాఠాన్ని 7న, 13న, ఫిబ్రవరి 5న తెల్లకాగితం మీద తెచ్చుకుంటే సరిపోతుంది. 13న కుదరకపోతే 17 దాకా ఆగకండి, పండగ పిండివంటల్లో సైన్సు కొట్టుకుపోతుంది.

మిగిలింది నానమ్మ. దీనికి ఇంతవరకూ పనిచేసిన ఉపాయం ఒకటే. సైన్సు పుస్తకం పక్క గదిలో పెట్టి, బల్ల మీద సోషల్ పుస్తకం బార్లా తెరిచి ఉంచండి. దాని ముందు కూర్చుని తెల్లకాగితం మీద కిరణ చిత్రాలు గీసుకోండి. ఫ్యాను మూడో నంబరు మీద పెడితే పేజీలు వాటంతట అవే తిరుగుతుంటాయి. ఆ చప్పుడు హాల్లోకి వినబడినంతసేపూ చదువు సాగుతున్నట్టే లెక్క.