మా బొంతల్ని కారిడార్లోకి పంపకండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, వాట్సాప్ గ్రూపుల్లో బాగానే తిరిగింది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. చలికాలమంతా మేం కొంతమంది ఆడవాళ్ళం కూర్చుని కుట్టుకున్న క్విల్టులూ (గుడ్డముక్కలు కలిపి, పొరలు వేసి కుట్టే ఇక్కడి దుప్పట్లు), ఇండియా నుంచి వచ్చిన అమ్మలూ అత్తయ్యలూ పాత చీరలతో కుట్టిన బొంతలూ హాల్లో ఒక పక్క గోడకి పెట్టుకుంటామని ముందే అడిగాం, కల్చరల్ కమిటీ సరేనంది, పొద్దున్నే వెళ్ళి స్టాండ్లు నిలబెట్టి అన్నీ తగిలించాం. పంచాంగ శ్రవణం మొదలవుతుందనగా కమిటీలో ఒకాయన వచ్చి "స్పాన్సర్లు వస్తున్నారండీ, వీడియోలో వెనకాల పాత గుడ్డలు కనపడితే ఏం బావుంటుంది, కాస్త కారిడార్లో పెట్టుకోండి" అన్నారు. కారిడార్ అంటే మనందరం చెప్పులు విడిచే చోటు. పండగ పూట గొడవెందుకని తీసేశాం, ఆ గోడ మీదికి రియల్ ఎస్టేట్ బ్యానర్ ఎక్కింది. మాతోపాటు వచ్చిన ఒక పెద్దావిడ, మా ఫ్రెండు వాళ్ళమ్మగారు, తన బొంతని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టేసుకుని "పోన్లే అమ్మాయ్, ఇంటికెళ్ళి కప్పుకుందాం" అన్నారు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, అందుకే ఇది రాస్తున్నా.

కమిటీ వాళ్ళ ఇబ్బందులు నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు ఫుడ్ కమిటీలో చేశా. హాలు అద్దె, సౌండ్ వాళ్ళు, పిల్లల డాన్సు ఐటమ్స్ టైముకి అవ్వలేదని తల్లిదండ్రుల గొడవలు, గోడకి ఏది తగిలించాలన్నా ఫైర్ రూల్సు. స్పాన్సర్ లేకపోతే భోజనాల ఖర్చు ఎవరు పెడతారు? ఆ అన్నాయన కూడా చెడ్డమనిషి కాదు, ఇంట్లో పిల్లల్ని వదిలి అర్ధరాత్రి దాకా కుర్చీలు సర్దే మనిషి. ఇదంతా ఒప్పుకుంటా. కానీ బ్యానర్‌కి గోడ కావాలంటే అది వేరు, చూపించుకోడానికి నామోషీ అంటే అది వేరు, మాకు తగిలింది ఆ నామోషీయే.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. హెచ్4 మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసే భర్త వెంట వచ్చే వీసా మీద వచ్చా, 2015లో హెచ్4 వాళ్ళలో కొందరికి ఈఏడీ, అంటే పని చేసుకునే పర్మిట్, ఇవ్వడం మొదలెట్టక ముందు. చదువుకున్న చదువు ఉంది, చెయ్యడానికి పని లేదు. లైబ్రరీలో నోటీసు చూసి ఒక చర్చి బేస్‌మెంట్‌లో జరిగే క్విల్ట్ గిల్డ్ (క్విల్టులు కుట్టేవాళ్ళ సంఘం) మీటింగ్‌కి వెళ్ళా, మొత్తం రిటైరైన అమెరికన్ ఆడవాళ్ళు, ఒక్కత్తినే నేను. వాళ్ళు నన్ను ఏ వీసా అని అడగలేదు, మా ఆయన ఏ కంపెనీ అని అడగలేదు, "నువ్వేం కుడుతున్నావ్" అని అడిగారు. ఫ్యాట్ క్వార్టర్ అంటే 18 బై 22 అంగుళాల ముక్క అనీ, కుట్టు మార్జిన్ ఖచ్చితంగా పావు అంగుళం ఉండకపోతే చివర్లో బ్లాకులు, అంటే ముక్కలు కలిపి కుట్టిన చదరాలు, కలవవనీ, గుండ్రటి బ్లేడుండే రోటరీ కట్టర్ వాడిన ప్రతిసారీ బ్లేడు మూసెయ్యాలనీ వాళ్ళే నేర్పారు. ఒకావిడ తన పాత కుట్టుమిషను మా ఇంటికి తెచ్చి ఇచ్చి వెళ్ళారు. కుట్టినవి అందరికీ చూపించే షో అండ్ టెల్‌లో నా మొదటి నైన్ ప్యాచ్ (తొమ్మిది చదరాల ముక్కలు కలిపి కుట్టేది) పట్టుకుని నించుంటే చప్పట్లు కొట్టారు, మూలలు ఒక్కటీ కలవలేదు దాంట్లో, అయినా కొట్టారు. వాళ్ళు కుట్టేవాటిలో చాలాభాగం హాస్పిటల్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకీ, మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళకీ వెళ్ళిపోతాయి, క్విల్ట్స్ ఆఫ్ వేలర్ అని 2003 నుంచి అదే పనిగా ఒక సంస్థే నడుస్తోంది.

ఇంక మా అత్తయ్యగారి సంగతి. గుంటూరు జిల్లా, తెనాలి దగ్గర పల్లెటూరు. ఆర్నెల్లు ఉండటానికని వచ్చారు, వచ్చింది చలికాలంలో. పొద్దున్నే మేమంతా ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఒక్కరే, బయట మంచు, పలకరించే మనిషి లేదు, యూట్యూబ్‌లో సీరియళ్ళు ఎన్నని చూస్తారు. మీ ఇళ్ళల్లోనూ ఇదే కథ కదా. నా కుట్టు గది చూసి "ఏందమ్మాయ్ ఇది, కొత్త గుడ్డ కొనుక్కొచ్చి ముక్కలు కోసి మళ్ళీ కలిపి కుడతారా" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే. తర్వాత ఆవిడే తన పెట్టెలోంచి మూడు నేత చీరలు తీశారు. వాటిలో బాగా చిరిగినది వాళ్ళమ్మగారిది.

గిల్డ్‌లో సూ డే, అంటే అందరూ కలిసి కూర్చుని కుట్టుకునే రోజు, ఉంటే అత్తయ్యగారిని తీసుకెళ్ళా. కుర్చీ వేస్తే వద్దన్నారు, చర్చి హాల్లో కింద కూర్చుని చీరలు పరిచారు, చిరిగింది మధ్యలో, కాస్త గట్టిగా ఉన్నవి పైనా కిందా, అరచేత్తో ముడతలన్నీ అంచుల దాకా తోసేసి మూలలకి నా నీళ్ళ సీసాలూ, ఎవరిదో కాఫీ మగ్గూ బరువు పెట్టారు. ఫ్రేము లేదు, హూపు లేదు, చాక్‌తో గీత లేదు. అంచు దగ్గర మొదలెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ పోవడమే. బ్యాటింగ్ (క్విల్టు మధ్యలో పెట్టే దూది పొర) ఎక్కడ అని వాళ్ళు అడిగితే నేను తెలుగులో చెప్పా, ఆవిడ "మధ్యలో చీరే దూది, వేరే ఎందుకు" అన్నారు. ఆవిడ కుట్లు పెద్దవి, అంగుళానికి నాలుగైదు ఉంటాయేమో, గిల్డ్‌లో చేత్తో కుట్టేవాళ్ళలో మంచి చెయ్యి ఉన్నవాళ్ళు పది పైన వేస్తారు. కానీ గీత లేకుండా ఆ వరసలు అంత తిన్నగా ఎలా వస్తున్నాయో వాళ్ళకి అర్థం కాలేదు. ఎనభై దాటిన ఒక పెద్దావిడ, గిల్డ్‌లో అందరికీ గురువు లాంటావిడ, కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసి తన సూది తీసుకుని రెండోవైపు నుంచి మొదలెట్టారు. ఇద్దరికీ ఒక్క మాట ఉమ్మడిగా రాదు. సాయంత్రం కార్లో అత్తయ్యగారు "ఆమె కూడా దారానికి ముడి కనపడకుండా లోపలికి లాగుద్ది, చూశావా" అన్నారు. మా ఇంట్లో దిగినప్పట్నుంచీ ఆవిడ అంత హుషారుగా మాట్లాడటం నేను వినలేదు. తర్వాత ఒక్క సూ డే కూడా మానలేదు, మానాలంటే నేనే మానాలి.

బొంత గురించి లేనిపోని గొప్పలు చెప్పను. మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నవి బరువు, వానాకాలం ఆరవు, వాసన. రగ్గు కొనే డబ్బుల్లేక కుట్టుకున్నవి, మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక ఆడవాళ్ళకి దొరికే ఆ కాసేపు కూడా వీటికే పోయేది. పిల్లలకి చదువొస్తే బొంత ఇంట్లోంచి పోవాలని మా అమ్మే అనుకుంది. అంత మాట అన్న మా అమ్మే నా కాన్పుకి వచ్చేటప్పుడు మెత్తబడ్డ చీరలతో చిన్న చిన్న బొంతలు కుట్టుకొచ్చింది, పొత్తిళ్ళలో పసిగుడ్డుకి కొత్త గుడ్డ గరుగ్గా ఉంటుందని. ఇక్కడి హాస్పిటల్ వాళ్ళిచ్చిన దుప్పటి పక్కన పెట్టి దాంట్లోనే పడుకోబెట్టాం. అవి ఇప్పటికీ నా దగ్గరున్నాయి, ఎవరికీ ఇవ్వను.

పాత గుడ్డలన్నారు కాబట్టి ఇదొకటి చెప్తా. అలబామాలో నది వంపులో గీస్ బెండ్ అని ఒక చిన్న ఊరుంది, బానిసలుగా పత్తి చేలల్లో పనిచేసినవాళ్ళ వారసుల ఊరు. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలానికి కట్టుకెళ్ళి మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంట్లూ చొక్కాలూ చింపి చలికి కప్పుకోడానికి కుట్టినవి 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడల మీద పెట్టారు, 2006లో వాటితో పోస్టల్ స్టాంపులు కూడా వచ్చాయి. నెబ్రాస్కాలో లింకన్ అనే ఊళ్ళో యూనివర్సిటీ వాళ్ళది ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఉంది, దాంట్లో మన బొంతల్లాంటివే బెంగాల్ కాంథాలూ, సింధ్ వైపు రల్లీలూ జాగ్రత్తగా దాచారు. అమెరికా వాళ్ళు మెచ్చుకున్నారు కాబట్టి మనమూ మెచ్చుకోవాలని నేననట్లేదు. బెంగాల్ వాళ్ళు తమది తాము తలకెత్తుకున్నారు, పక్కన కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళ కవంద్‌లకి, అంటే వాళ్ళ బొంతలకి, పేరొచ్చింది, మన దాన్ని మనం చెప్పుల పక్కకి పంపాం. నా బాధ అది.

ఇంకొకటి, మన బట్టకి ఈ దేశపు క్విల్టుతో చుట్టరికం కొత్తగా మనం కలుపుకునేది కాదు. పదిహేడూ పద్దెనిమిదో శతాబ్దాల్లో మచిలీపట్నం చుట్టుపక్కలా, కోరమండల్ తీరం పొడుగునా అద్దిన చింట్జ్, అంటే పూల డిజైన్ల నూలుబట్ట, అంటే యూరప్ పడిచచ్చేది, ఇంగ్లండులో నేతవాళ్ళు గోలపెడితే 1701లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసి అడ్డుకున్నారు. అలాంటి ఖరీదైన చింట్జ్‌లోంచి పూలూ పక్షులూ కత్తిరించి తెల్లగుడ్డ మీద అతికి కుట్టడం అమెరికాలో తొలినాళ్ళ క్విల్టుల్లో పెద్ద ముచ్చట. అది మా గిల్డ్‌లో వాళ్ళకి తెలుసు. నేను ఇండియా వెళ్తున్నానంటే పెడన కలంకారీ తెమ్మని లిస్టు ఇస్తారు, మొదటిసారి చల్లటి నీళ్ళల్లో విడిగా ఉతుక్కోకపోతే ఎరుపు పక్క ముక్కకి దిగుతుందని కూడా వాళ్ళే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు.

గిల్డ్‌లో అంత బావుంటే అక్కడే ఉండొచ్చు కదా అని నన్నడిగినవాళ్ళున్నారు. ఉంటాను. కానీ మా అత్తయ్యగారికి నేను కార్లో తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, ప్రతి మాటా చెప్తే తప్ప అక్కడ కుదరదు. ఎంతమంది అమ్మలకి అలా కుదురుతుంది? వాళ్ళకి కావాల్సింది తెలుగులో కబుర్లు చెప్పుకుంటూ చేతికి పని ఉండే చోటు. మన సంబరాల్లో వాళ్ళకి ముందు వరసలో కుర్చీ వేస్తాం, శాలువా కప్పుతాం, ఫోటో తీస్తాం, మళ్ళీ దీపావళి దాకా ఇంట్లో కూర్చోబెడతాం. అమెరికా తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభల్లో చీరల స్టాళ్ళ దగ్గర నిలబడటానికి చోటుండదు, ఆ చీరలు పాతబడ్డాక ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఖాళీగా ఉన్నారు.

అడిగేది పెద్దదేం కాదు, డబ్బులు అసలే కాదు. ఆదివారాలు పిల్లలకి తెలుగు నేర్పే మనబడి క్లాసులు నడిచే బిల్డింగ్‌లో ఒక గది ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, పిల్లల్ని దింపిన తాతయ్యలూ బామ్మలూ అమ్మమ్మలూ క్లాసు అయ్యేదాకా కార్లోనో మెట్ల మీదో ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ఆ గది మాకు ఇవ్వండి, కింద పరుచుకోడానికి చాపలు మేం తెచ్చుకుంటాం, వెళ్ళేటప్పుడు దారం ముక్క లేకుండా ఊడ్చి తాళం ఇచ్చేస్తాం. కొత్త కమిటీ వచ్చే మీటింగ్‌లోనే దీన్ని ఎజెండాలో పెట్టాలని అడుగుతున్నా, ఎవరూ పెట్టకపోతే లేచి అడిగేది నేనే, నా వెనక మీరూ లేవండి. మిషన్లు అక్కర్లేదు, సూదులూ దారాలూ నేను తెస్తా. మీరు మీ అమ్మగారినో అత్తయ్యగారినో తీసుకురండి, ఇంట్లో కట్టడం మానేసిన కాటన్ చీరలుంటే ఉతికి పట్టుకురండి, మంగళగిరివీ వెంకటగిరివీ అయితే మరీ మంచిది. జరీ అంచులు విప్పేసి తెండి, పాలియెస్టర్ మాత్రం వద్దు, జారిపోతుంది, కుట్టు నిలవదు.