రోజుకొక ‘భయపడకుము’: ఆ 365 లెక్క ఎక్కడిది?

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగించుకుని ఇంటికి చేరేసరికే ఆ మెసేజ్ ఫోన్లో కూర్చుని ఉంది. ప్రతి ఏడాదీ వస్తుంది. మా నల్లగొండ వైపు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో దాన్ని చూడనివాళ్లు తక్కువ. ఈసారి నాకు ఆరుగురు పంపారు. చూడనివాళ్ల కోసం సారాంశం ఇస్తున్నాను:

“బైబిల్లో ‘భయపడకుము’ అనే మాట సరిగ్గా 365 సార్లు ఉంది. రోజుకొకటి! బైబిల్‌కు మధ్య అధ్యాయం 118వ కీర్తన. దానికి ముందు 594 అధ్యాయాలు, తర్వాత 594. కలిపితే 1188. అందుకే 118:8 నట్టనడి వచనం. ఇది మనిషి చేసిన పనా? రోజూ పొద్దున ఒక్క వచనం చదివితే చాలు, భయం నీ దగ్గరికి రాదు. వచ్చిందంటే నీ విశ్వాసంలో లోపం ఉన్నట్టే. 12 మందికి పంపు, ఆశీర్వాదం పొందు.”

నేను బైబిల్‌ను నమ్మేవాణ్ని. పొద్దున్నే వాక్యం చదవకుండా టీ తాగని ఇల్లు మాది. 365 మాటను సండే స్కూల్లో నేనే పిల్లలకు చెప్పాను, అదీ ఒప్పుకోవాలి. మరుసటి ఆదివారం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వాళ్ల నాన్న ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. “సార్, యాప్‌ల వెతికిన. అన్ని వస్తలేవు” అంది. “ఇంకోసారి చూడు బిడ్డా” అని తప్పించుకున్నాను. ఇంటికొచ్చి నేనే చూశాను. ఆ పిల్ల చెప్పిందే నిజం.

ముందు తెలుగు బైబిల్ సంగతి. యాప్‌లో ‘భయపడకుము’ అని కొడితే ‘భయపడకుడి’ రాదు. ‘భయపడవద్దు’, ‘జడియకుము’, ‘దిగులుపడకుము’ రావు. కాబట్టి తెలుగులో వెతికి ఎవరూ 365 తేలేదు. ఇది ఇంగ్లీషు ప్రసంగాల నుంచి వచ్చిన మాట. కొందరు లీపు సంవత్సరానికి కూడా సరిపోయేలా 366 అంటారు. సరే, ఇంగ్లీషులోనే చూద్దాం. పాత కింగ్ జేమ్స్ బైబిల్లో ‘ఫియర్ నాట్’ అన్న మాట డెబ్బై పైచిలుకు సార్లు వస్తుంది. ‘బీ నాట్ అఫ్రెయిడ్’ అన్నది ముప్పై లోపే. రెండూ కలిపితే దాదాపు వంద. అటూ ఇటూ ఉన్న దగ్గరి మాటలన్నీ లాక్కొచ్చి కలిపినా 365 దరిదాపులకు రాదు.

ఆ వందలో ఏమేం ఉన్నాయో చూస్తే ఇంకా ఆశ్చర్యం. “వారు యెహోవాకు భయపడరు” అని 2 రాజులు 17:34లో నిందగా రాసిన మాట కూడా ఇంగ్లీషులో ‘ఫియర్ నాట్’ కిందికే వస్తుంది. 55వ కీర్తన 19వ వచనం కూడా అంతే, దేవునికి భయపడనివాళ్ల గురించి. అంకె పెంచుకోవడానికి ఇవి పనికొస్తాయి గానీ వీటిని వాగ్దానం అని ఎవరు అంటారు?

అసలైన ‘భయపడకు’లు కూడా అన్నీ దేవుడు పలికినవి కావు. న్యాయాధిపతులు 4వ అధ్యాయంలో ఓడిపోయి పారిపోతున్న సేనాపతి సీసెరాకు యాయేలు ఎదురొచ్చి, నా దగ్గరికి రా, భయపడకు అంటుంది. దుప్పటి కప్పుతుంది, పాలు ఇస్తుంది, నిద్రపోయాక కణతలో గుడారపు మేకు దిగగొడుతుంది. 2 సమూయేలు 13:28లో అబ్షాలోము తన పనివాళ్లతో భయపడకండి అంటాడు, అన్న అమ్నోనును చంపమని చెబుతూ. ఏన్దోరులో చచ్చినవాళ్లను పిలిచే స్త్రీతో సౌలు రాజు కూడా ఇదే మాట అంటాడు. రాహేలు పురిటి నొప్పుల్లో ఉన్నప్పుడు మంత్రసాని భయపడకు అంటుంది. బిడ్డ పుట్టాడు, తల్లి దక్కలేదు. రోజుకొకటి చొప్పున పంచితే ఏదో ఒక తేదీకి యాయేలు వచనం పడాలి మరి. ఆ రోజు ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే వెళ్లడం ఎలాగో!

నవ్వులాటకే అన్నా, ఇందులో అసలు విషయం ఉంది. ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చూడకుండా అంకె ఒక్కటే తీసుకుంటే వాక్యం చేతిలోంచి జారిపోతుంది. అంకె మిగులుతుంది.

365 రోజుల సంవత్సరం కూడా బైబిల్ రాసినవాళ్లది కాదు. వాళ్ల నెల చంద్రుణ్ని బట్టి నడిచేది. పన్నెండు చాంద్రమాసాలంటే సుమారు 354 రోజులు. మన పంచాంగంలో అధిక మాసం వచ్చినట్టే యూదులూ కొన్ని ఏళ్లలో ఒక నెల కలుపుకుంటారు. మన గోడ మీది క్యాలెండరుకు సరిపోయేలా వాళ్లు మాటలు లెక్కపెట్టి రాశారనడం కుదిరే పని కాదు.

ఇక నట్టనడి వచనం. ఇందులో తమాషా ఏమిటంటే 594 నిజమే, 1188 కూడా నిజమే, 118 ఒక్కటే తప్పు. ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 గ్రంథాలు, 1189 అధ్యాయాలు. ఆదికాండము నుంచి యోబు వరకు కూడితే 478. దానికి 116 కీర్తనలు కలిపితే 594. అంటే 594 అధ్యాయాల తర్వాత వచ్చేది 117వ కీర్తన. దాని తర్వాత మళ్లీ 594. కాగితం, పెన్ను ఉంటే పావుగంట పని. 118వ కీర్తనకు ముందు 595, తర్వాత 593. మధ్యలో వదిలేసిన ఆ ఒక్క అధ్యాయం, రెండే వచనాల చిన్న కీర్తన, మెసేజ్ రాసినాయనకు కనబడలేదు.

వచనాలను బట్టి చూసినా 118:8 మధ్యకు రాదు. కింగ్ జేమ్స్‌లో 31,102 వచనాలు. సరి సంఖ్య కాబట్టి మధ్య వచనం అంటూ ఒకటి ఉండదు, రెండుంటాయి: 103వ కీర్తన మొదటి రెండు వచనాలు. “నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము” అన్నవే.

ఈ అంకెలు ఎవరు వేశారు? అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసింది, తర్వాత కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయినాయన. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో అచ్చు వేసిన గ్రీకు ప్రతిలో పెట్టినవి. కీర్తనలు మాత్రం మొదటి నుంచీ వేటికవే విడి పాటలు, వాటి వరుస కూడా పాతదే. అపొస్తలుల కార్యములు 13లో పౌలు “రెండవ కీర్తన” అనే అంటాడు. కానీ రోమాకు ఉత్తరం రాసేటప్పుడు ‘ఇది ఎనిమిదో అధ్యాయం’ అని ఆయన అనుకోలేదు. మెసేజ్ అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు: అవును, అంకెలు వేయడం మనుషులు చేసిన పనే. మంచి పని, వచనం వెతుక్కోవడానికి చేసింది.

మా ఊళ్ల సంగతి చూస్తే ఈ లెక్క ఇంకా త్వరగా విరిగిపోతుంది. నల్లగొండలో 19వ శతాబ్దం చివర్లో బాప్టిస్టు మిషన్ తరఫున పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్, అంటే ఒక ప్రొటెస్టెంట్ శాఖకు చెందినవాడు. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల వైపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు పాతవి, వీళ్లది ఆ 66 గ్రంథాల బైబిలే. నల్లగొండకు 1976 నుంచి కథోలిక డయోసిస్ ఉంది. కథోలికుల బైబిల్లో 73 గ్రంథాలు. అక్కడ మధ్య వేరే చోటికి జరుగుతుంది. పాత లాటిన్ బైబిల్లో కీర్తనల సంఖ్యలే వేరు, మన 118 అక్కడ 117, వాళ్ల 118 ఏమో 176 వచనాల పెద్ద కీర్తన. ఒకే బజారులో రెండిళ్ల మధ్య మారిపోయే మధ్య భాగంలో దేవుడు రహస్యం దాచాడంటే, ఏ ఇంట్లో దాచాడని అడగాలి?

118:8 మంచి వచనమే. “మనుష్యులను నమ్ముకొనుటకంటె యెహోవాను ఆశ్రయించుట మేలు.” తర్వాతి వచనంలో మనుష్యులకు బదులు రాజులు వస్తారు. ఎన్నికలప్పుడు ఆ తొమ్మిదో వచనాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు ఎందుకో.

ఇంతవరకూ లెక్కలు. లెక్క తప్పితే నష్టం పెద్దగా లేదు, దిద్దుకుంటాం. నాకు కోపం తెప్పించేది మూడో మాట: ఒక్క వచనం చాలు, భయం రాదు, వస్తే నీ విశ్వాసంలో లోపం.

దేవరకొండ దగ్గర మా బంధువుల్లో ఒక అక్క ఉంది. కొడుకు పుణేలో బిల్డింగు పనికి పోయాడు. పరంజా మీద పని. ఫోన్ కలవకపోతే ఆమెకు రాత్రంతా నిద్ర ఉండదు. ఒకరోజు అడిగింది, “తమ్ముడూ, రోజూ వాక్యం చదువుతనే ఉన్న, భయం పోతలేదు. దేవుడు నాది వింటలేడా?” మెసేజ్ రాసినవాళ్లు ఆమెకు చెప్పే జవాబు ఒక్కటే, నీలో లోపం ఉంది. బైబిల్ ఆ మాట అనదు. 56వ కీర్తన 3వ వచనం: “నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను.” భయం వచ్చే రోజు ఒకటుందని ముందే ఒప్పుకున్న ప్రార్థన అది. పౌలు కొరింథువాళ్లకు రాస్తూ, మీ దగ్గర బలహీనతతో, భయంతో, ఎంతో వణుకుతో ఉన్నానంటాడు. రెండో ఉత్తరంలో “వెలుపట పోరాటములు, లోపట భయములు” అంటాడు. గెత్సేమనేలో యేసు ప్రభువుకే మరణమంత దుఃఖం కలిగిందని మార్కు రాశాడు. వీళ్లందరికీ విశ్వాసం తక్కువేనా?

నిజానికి ‘భయపడకుము’ అన్న మాట భయపడుతున్నవాళ్లకే చెబుతారు. యెషయా 41:10 అందరికీ నోటికి వచ్చు, సగం ఇళ్లలో గోడ మీద ఉంటుంది. నాలుగు వచనాలు కిందికి పోతే “పురుగువంటి యాకోబూ, స్వల్పజనమగు ఇశ్రాయేలూ, భయపడకుడి” అని ఉంటుంది. దాన్ని ఫ్రేము కట్టించుకున్న ఇల్లు నేను చూడలేదు. కానీ పదో వచనం ఎవరితో చెప్పిందో పద్నాలుగులోనే తెలుస్తుంది, తొక్కితే చచ్చిపోతామనుకునే చిన్న జనంతో.

ఒక్క వచనం చాలు అన్నదానికి ఇంకో ఉదాహరణ యిర్మీయా 29:11, సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అన్న వాగ్దానం. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో ఇది రాకుండా ఉండదు. దాని ముందున్న పదో వచనం కార్డులో రాదు. అందులో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఊరు వదిలి బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యెరూషలేము నుంచి యిర్మీయా రాసిన ఉత్తరం అది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు. అది అబద్ధమని యిర్మీయా ముఖం మీదే చెప్పాడు. ఉత్తరంలో ఏముంది? ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, అది బాగుంటే మీరూ బాగుంటారు. పాలమూరు నుంచి, దేవరకొండ నుంచి ముంబైకి, పుణేకి పోయిన మనిషికి ఈ ఉత్తరం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఆ అక్కకు 29వ అధ్యాయం మొదటి నుంచి చదివి వినిపించాను. “డెబ్బై ఏండ్లా!” అని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొడుకుకు ఫోన్ చేయించి, అక్కడ దగ్గర్లో చర్చి ఉందా, గదిలో ఎవరెవరు ఉంటున్నారు అని అడిగింది. అంతకు ముందు ఎప్పుడొస్తావు అని తప్ప ఇంకేం అడిగేది కాదు.

అంటే రోజూ వచనం చదవొద్దనా? కాదు. అనుదిన ధ్యానానికి బైబిల్లోనే గట్టి పునాది ఉంది, 365తో పని లేదు. నిర్గమకాండము 16లో ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి దాచినది పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినమైన సబ్బాతు కోసం దాచినదొక్కటే చెడలేదు. ప్రభువు ప్రార్థనలో అడిగేది అనుదినాహారం. మొదటి కీర్తనలో దివారాత్రము ధ్యానించువాడు ధన్యుడు అని ఉంది చూడండి, అక్కడ ధ్యానానికి వాడిన హీబ్రూ మాటకు నోట్లో గొణుక్కోవడం అని అర్థం. యెషయా 31:4లో సింహం వేట మీద కూర్చుని గుర్రుమనడానికి కూడా అదే మాట. కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోవడం కాదన్నమాట. మా నాయనమ్మకు చదువు రాదు. వానాకాలం పత్తి చేలో కలుపు తీస్తూ, ఆదివారం విన్న ఒక్క వాక్యాన్ని వారమంతా గొణుక్కునేది. మధ్యలో ఒక మాట మరిచిపోతే బడికి పోయే నన్ను ఆపి అడిగేది. నేను పుస్తకం తీసి ఆ చోటు చూసేసరికి పై వచనం, కింది వచనం కూడా చదవాల్సి వచ్చేది. అలా ఆమె పుణ్యాన నాకు కొన్ని అధ్యాయాలు నోటికొచ్చాయి.

చివరిది, 12 మందికి పంపమనడం. దీనికి ఎక్కువ మాటలు అక్కరలేదు. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని మత్తయి 6:6. పైగా భయపడకు అని మొదలుపెట్టి, పంపకపోతే ఆశీర్వాదం పోతుందేమోనన్న భయంతో ముగించే మెసేజ్ ఇది. నాకు పంపిన ఆరుగురిలో ఇద్దరు ఆ మాట ఒప్పుకున్నారు కూడా.

ఆ ఆరుగురికీ జవాబుగా 117వ కీర్తన మొత్తం పంపాను, రెండు వచనాలే కదా. నలుగురు ‘ఆమేన్’ పెట్టారు. ఒకరు చూడలేదు. ఒకాయన మాత్రం రాత్రి పదకొండింటికి రాశాడు: “అన్నా, నంబరు తప్పు పడ్డట్టుంది, 118 కదా?”