నందాదేవి: వీధి తలుపుకు గడియ, దొడ్డి తలుపు బార్లా

ఉత్తరాఖండ్‌లోని నందాదేవి శిఖరం ఎత్తు 7,816 మీటర్లు. పూర్తిగా మన దేశంలోనే ఉన్న శిఖరాల్లో ఇంతకు మించినది లేదు. కాంచన్‌జంగా ఇంకా ఎత్తే కానీ దాన్ని నేపాల్‌తో పంచుకోవాలి. నందాదేవి చుట్టూ మిగతా శిఖరాలు కోటగోడలా నిలబడి ఉంటాయి. ఆ గోడకున్న గండి ఒక్కటే, రుషిగంగ పారే ఇరుకు లోయ. దాని గుండా లోపలికి దారి కనిపెట్టేసరికి 1934 వచ్చింది. మరో రెండేళ్లకు బ్రిటిష్ పర్వతారోహకులు టిల్మన్, ఓడెల్ శిఖరం ఎక్కారు.

దారి తెలిశాక రద్దీ పెరిగింది, చెత్త పేరుకుంది. 1982లో జాతీయ పార్కుగా ప్రకటించి లోపలి ప్రాంతాన్ని మూసేశారు. 1988లో ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. మూసినందుకు నాకు అభ్యంతరం లేదు, అడవి కోలుకుంది. కానీ నష్టమంతా లాతా, రేణీ లాంటి చుట్టుపక్కల ఊళ్లు మోశాయి. మేకలు, గొర్రెలు మేసే బీళ్లు పోయాయి. పర్వతారోహకుల సామాన్లు మోసి సంపాదించే నాలుగు డబ్బులూ పోయాయి. 1974లో చిప్కో ఉద్యమంలో గౌరాదేవి వెంట నడిచి, కాంట్రాక్టరు మనుషుల గొడ్డళ్లకు అడ్డం నిలబడి చెట్లను కాపాడింది ఈ రేణీ ఆడవాళ్లే. అడవిని కాపాడినవాళ్లకే అడవిలోకి ప్రవేశం లేకుండా పోయింది.

సరే, పర్యావరణం కోసమే అనుకుందాం. మరి అదే గండి ముఖద్వారంలో, రేణీ పక్కనే, 13.2 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టుకు అనుమతి ఎలా వచ్చింది? మేక గిట్టకు లేని చోటు పేలుడు మందుకు దొరికింది. ప్రాజెక్టు పేలుళ్ల మీద ఊరివాళ్లు 2019లోనే హైకోర్టుకు వెళ్లారు.

2021 ఫిబ్రవరి 7న ఆ దగ్గరలోని రోంటీ శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు విరిగి లోయలో పడ్డాయి. రాపిడికి మంచు కరిగి, బురద వరదై పరుగెత్తింది. రుషిగంగ ప్రాజెక్టు కొట్టుకుపోయింది. దిగువన 520 మెగావాట్ల తపోవన్ ప్రాజెక్టు టన్నెల్ బురదతో నిండిపోయింది. చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి 200 మందికి పైనే. (1965లో గూఢచార పరికరం కోసం తీసుకెళ్లి ఈ కొండ మీద పోగొట్టుకున్న ప్లుటోనియం అనే అణు ఇంధనం పేలిందేమోనని రేణీలో కొందరు అనుకున్నారట. నవ్వడానికేమీ లేదు, అది ఇప్పటికీ దొరకలేదు.)

కొండ విరగడానికి ప్రాజెక్టు కారణమని నేను అనడం లేదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కూలికి వచ్చిన కార్మికులు. వరద దారిలోకి వాళ్లను తెచ్చింది మాత్రం ఆ ప్రాజెక్టులే.

ఆ జూన్‌లో రేణీ దగ్గర నేల కుంగి రోడ్డు తెగింది. గౌరాదేవి విగ్రహాన్ని ఊడదీసి వేరేచోటికి తరలించారు. ప్రాజెక్టుల అనుమతులు రద్దు చేయమని కోర్టుకెక్కిన ఐదుగురి పిటిషన్ జులైలో కొట్టేశారు. పైగా తలా రూ.10,000 జరిమానా.